అక్వేరియం పీవీసీ గొట్టాల లీకు మరమ్మతు

ఇంటి అక్వేరియంలో పంపును, ఫిల్టరును, కింద ఉండే సంపు తొట్టిని కలిపే పీవీసీ గొట్టాల నుంచి నీళ్లు కారకుండా చేసే పని ఇది. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వైపు బోరు నీళ్లు పోసే ఇళ్లలో లీకు తరచూ చుక్కగా కాక తెల్లటి పొరగా బయటపడుతుంది. ఇక్కడి భూగర్భ జలం కఠిన జలం. అతుకులోంచి ఊరిన చెమ్మ ఆరిపోతే అందులోని కాల్షియం లవణం అక్కడే పేరుకుంటుంది. స్టాండు వెనక చెయ్యి పెట్టి తడిమితే సున్నం పూసినట్టు గరుకుగా తగులుతుంది. నాలుగు చుక్కల నిమ్మరసం వేస్తే బుసబుసమని పొంగుతుంది. ఈ పొర కొన్నాళ్లు లీకును తానే మూసి ఉంచుతుంది. అందుకే చాలామంది పట్టించుకోరు. ఎప్పుడో పంపు తీసి పెట్టిన రోజు పొర పగిలి నీళ్లు ధారకడతాయి. ధర్మవరంలో గుంట మగ్గం ఉన్న ఇంట్లో నేల మీద పారిన నీళ్లు ఎటు పోతాయో చెప్పక్కర్లేదు.

కారణాలు

తప్పు గొట్టానిది కావడం అరుదు. 60 సెంటీమీటర్ల ఎత్తు నీళ్లు చదరపు సెంటీమీటరుకు 0.06 కిలోల ఒత్తిడే కలిగిస్తాయి. ఐఎస్ 4985 ప్రమాణంలో అన్నిటికంటే పలుచని తరగతి గొట్టం కూడా 2.5 కిలోలకు తట్టుకుంటుంది. కారేది అతుకే. మీటరు గొట్టం 25 డిగ్రీల తేడాకు దాదాపు 2 మిల్లీమీటర్లు సాగి ముడుచుకుంటుంది. దానికి పంపు అదురు తోడైతే సరిగా పట్టని అతుకు వదులవుతుంది.

కరెంటు పోయినప్పుడు మాత్రమే నేల తడుస్తుంటే అది లీకు కాకపోవచ్చు. పంపు ఆగగానే పై తొట్టి నీళ్లు గొట్టం గుండా వెనక్కి దిగి సంపు పొంగుతుంది. నీళ్లు తిరిగి తొట్టిలో పడే గొట్టానికి, నీటి మట్టానికి కాస్త కింద చిన్న రంధ్రం చేస్తే మట్టం అంతవరకు దిగగానే గాలి చొరబడి సైఫన్ తెగుతుంది. ఆ రంధ్రం పాచితో మూసుకుపోకుండా చూడాలి.

మరమ్మతు

ప్లంబర్లు ‘సొల్యూషన్’ అనే ద్రవం జిగురు కాదు. పీవీసీ పైపొరను కరిగించి రెండు ముక్కలను ఒకటిగా కలిపేస్తుంది. కాబట్టి కారుతున్న అతుకు మీద బయటినుంచి ఎంత పూసినా లోపలి సందు అలాగే ఉంటుంది. ఎం-సీల్ ఒకటి రెండు రోజులు గడపడానికి పనికొస్తుంది, అంతే. సిలికాన్ పీవీసీకి గట్టిగా పట్టదు. అతుకును కోసి కొత్తది వేయడమే సరైన దారి.

గొట్టాన్ని హాక్సా బ్లేడుతో అడ్డంగా, వంకర లేకుండా కోసి, అంచు పొట్టును ఉప్పుకాగితంతో తీసేయాలి. ముందు సొల్యూషన్ లేకుండా దూర్చి ఎంతవరకు పోతుందో పెన్సిలుతో గీత పెట్టుకోవాలి. లోపల తడి చుక్క కూడా ఉండకూడదు. ఫిటింగు లోపల పలుచగా, గొట్టం మీద కాస్త మందంగా పూసి, గీత దాకా తోసి పావు చుట్టు తిప్పి అర నిమిషం బిగబట్టాలి. వదిలేస్తే గొట్టం దానంతటదే వెనక్కి జరుగుతుంది. పనిచేసేవాళ్లు తొందరలో చేసే తప్పు ఇదే. 24 గంటల తర్వాతే నీళ్లు వదలాలి. రెండు వైపులా కదలని చోట యూనియన్ (మర విప్పి విడదీయగల కీలు) వేస్తే మరోసారి కోయనక్కర్లేదు.

మరలున్న కీళ్లకు సొల్యూషన్ వద్దు. టెఫ్లాన్ టేపు మర తిరిగే దిక్కుగా చుట్టి చేత్తో బిగించి, పానాతో ఇంకొంచెం తిప్పితే చాలు. ఎక్కువైతే ప్లాస్టిక్ చిట్లుతుంది. అద్దానికి వేసిన ట్యాంక్ కనెక్టరును బలంగా బిగిస్తే అద్దమే పగులుతుంది. దాని వాషరు కింద లవణం చేరితే వెనిగర్‌తో కడగాలి. యూనియన్ ఓ-రింగుకు వాజిలీన్ రాయకూడదు, కొన్ని రకాల రబ్బరు ఉబ్బిపోతుంది.

చేపల సంగతి

పని జరుగుతున్నంతసేపు గాలి పంపు తిప్పుతూ తొట్టి మూసి, కిటికీలు తెరవాలి. సొల్యూషన్ ఆవిరి చేపలకే కాదు, మనుషులకూ మంచిది కాదు. అతుకు ఆరిన తర్వాత, మొదట బకెట్టు నీళ్లతో పంపు తిప్పి ఆ నీళ్లు పారబోయాలి. ఇత్తడి ఫిటింగులు వాడకూడదు; రాగి రొయ్యలకు, నత్తలకు విషం. మునిసిపల్ నీళ్లు పోస్తే వాటిలోని క్లోరిన్ పోగొట్టాలి.

సెకనుకు ఒక చుక్క కారినా రోజుకు 4 లీటర్లు దాటుతుంది. మరమ్మతయ్యాక అతుకు కింద పాత దినపత్రిక పరిచి, పంపు తిప్పి ఒక రాత్రి వదిలేయాలి. కాగితం మీద చుక్క పడి ఆరినా దాని గుండ్రటి ముడత కనిపిస్తుంది.