కొలిమిగాలి వెంట పొరుగుగాలి

వేములవాడ నుండి ఉత్తరముగా కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా సాగినచో, ఆ దాపున నిజామాబాదు జిల్లాలో కోనసముద్రమను గ్రామము కలదు. అచటి కమ్మరులు మూసలలో కరగించిన ఉక్కును కొనుటకు పారసీక వర్తకులు వచ్చుచుండిరి. త్రికోణమితి సర్వేలో పనిచేసిన హెన్రీ వాయిసీ అను వైద్యుడు ఆ పనిని చూచి వ్రాసెను. ఆయన 1824లో గతించెను. ఆ వ్రాత 1832లో కలకత్తాలో అచ్చుపడెను. ఉక్కు కరగుటకు వలయు వేడి తోలుతిత్తుల గాలివలన పుట్టినదే. ఆ గాలిని గూర్చి నేడు నాలుగు మాటలు చెప్పదలచితిని.

తిత్తిలో పట్టిన గాలి యెంతయో నిప్పునకు చేరునదియు అంతియే యని తలంతుము. తిత్తిముక్కు మట్టిగొట్టములో బిగియ కూర్చినపుడు అది నిజమే. నడుమ కొంత సందున్నచో చేరుగాలి అధికమగును. దీనిని మీరే పరీక్షింపవచ్చును. పొడవైన పలుచని సంచి మూతిని పెదవులకు బిగించి ఊదుడు. నిండుటకు పెక్కు ఊపిరులు పట్టును. మూతిని వెడల్పుగా తెరచి, జానెడు దూరమున పట్టి ఊదుడు. ఒకటి రెండు ఊపిరులకే ఉబ్బును. ఆ మిగిలిన గాలి చుట్టుపట్ల నున్నదే.

దీనికి కారణమేమి? వేగముగా పోవు ధార అంచున నిశ్చలమైన గాలి రాచుకొనును. ఆ రాపిడిలో, వాగునీరు మడుగున జొచ్చుచోట కనబడు సుడులవంటివి పుట్టును. సుడి ప్రక్కగాలిని చుట్టి లోనికి గొని, తన పరుగులో పాలు పంచును. ధార లావగును, వేగము తగ్గును. మొత్తపు ఊపు మాత్రము తరుగదు. తరలిన గాలి తావునకు మరికొంత వచ్చుచునే యుండును. ధారలో ఒత్తిడి మిక్కిలి తగ్గుటయే కారణమని కొందరందురు. కాని ఆరుబయట సాగు ధారలో ఒత్తిడి చుట్టుగాలికి దాదాపు సమానమే. 1961లో రికో, స్పాల్డింగు అనువారు దీనిని కొలిచిరి. వారి లెక్క ప్రకారము, గుండ్రని ధార తన నోటి వెడల్పునకు 30 రెట్ల దూరము సాగునప్పటికి, అందలి గాలి మొదటిదానికి సుమారు 10 రెట్లగును.

నీటిధార తొట్టిలోని నిలువనీటిని గట్టుమీదుగా వెంటగొనిపోవునని ఇటలీ పండితుడు వెంటూరి 1797లో చూపెను. 1829 నాటి స్టీఫెన్సన్‌ల రాకెట్ అను రైలుయంత్రములో, పొగగొట్టమున వదలిన ఆవిరిధార పొగను కొనిపోవ, పొయ్యిలోనికి కొత్తగాలి దూసుకొనివచ్చెను. పెద్దపల్లి మీదుగా సాగిన పొగబండ్లును ఈ ఉపాయముతోనే నడచినవి. నేటి గ్యాసుపొయ్యిలో సన్నని రంధ్రమునుండి వెడలు వాయువును తనకు వలయు గాలిలో కొంత తానే తెచ్చుకొనును.

వెంటూరి తాను కనినది వ్రాసి యుంచెను. మన కమ్మరి యెరుక చేతిలోనే నిలిచినది. విదేశపు చవుక ఇనుము వచ్చిన పిదప కోనసముద్రపు మూసలు చల్లారినవి. 2010లో ఇంగ్లండునందలి ఎక్సెటరు విశ్వవిద్యాలయమువారును బెంగుళూరు పరిశోధకులును ఉత్తర తెలంగాణ గ్రామములు తిరిగి చిట్టెపు దిబ్బలను నమోదు చేసిరి. దిబ్బను కొలిచి అచట కొలిమి యుండెనని చెప్పవచ్చును గాని, తిత్తిముక్కును నిప్పునకెంత దూరమున నుంచిరో, గాలి యెప్పుడు హెచ్చించిరో దానివలన తెలియదు. మీ ఊర కొలిమిపని యెరిగిన వృద్ధులింకను ఉన్నచో, వారిని అడిగి ఆ మాటలు వ్రాసి యుంచుడని నా మనవి.