చెప్పులు లేని యాత్రలు

గడచిన వేసవిలో అమెరికాలో మా అమ్మాయి ఇంట మూడు నెలలు ఉండి వచ్చాను. తెల్లవారుజామున పచ్చికపై వట్టికాళ్ళతో నడవటం నాకు చిన్ననాటి అలవాటు. ఒకనాడు ఆ ధోరణిలోనే పెరడు దాటి, వీధి దాటి, చెరువుగట్టు వంటి ఒక బాట వెంట చాలా దూరం పోయాను. ఒక పెద్దావిడ కారు ఆపి, నా పాదాల వంక చూసి, సహాయమేమైనా కావాలా అని ఎంతో మర్యాదగా అడిగింది. ఇంటికి వచ్చి చెబితే అల్లుడు నవ్వాడు. అమ్మాయి నవ్వలేదు. "ఇక్కడ చెప్పులు లేకుండా తిరిగితే ఇల్లూ వాకిలీ లేనివాళ్ళనుకొంటారు నాన్నా" అన్నది.

మా మార్కాపురంలో అదే పని చేస్తే, మాష్టారు ఏదో మొక్కు పెట్టుకొన్నారని అనుకొంటారు. పాదాలు అవే. చూసే కళ్ళు వేరు. ఆ రోజు నుంచి ఈ విషయం నా బుర్రలో తిరుగుతూనే ఉన్నది. మన పూర్వులు దూరదేశాలకు కాలినడకన పోయారని గర్వంగా చెప్పుకొంటాం గదా, వారిలో చెప్పులు లేకుండా పోయినవారెవరు, ఎందుకు పోయారు?

ముందుగా శాస్త్రం మాట. వట్టికాళ్ళ నడకే పుణ్యమని మన శాస్త్రం ఎక్కడో ఘోషించి ఉంటుందని చాలామంది నమ్మకం. నేనూ అలాగే నమ్మినవాణ్ణి. ధర్మశాస్త్రాలు ఛత్రాన్నీ, ఉపానహాలనూ, అంటే గొడుగునూ చెప్పులనూ, బ్రహ్మచారికి నిషేధించిన మాట నిజమే. కాని ఆ నిషేధం విద్యార్థి దశ వరకే. స్నాతకం కాగానే ఆ రెండూ అతనికి ఇస్తారు. మన పెళ్ళిళ్ళలో కాశీయాత్ర ముచ్చట చూడండి. వరుడు కాశీకి బయలుదేరతాడు, బావమరిది వచ్చి గడ్డం పట్టుకొని వెనక్కి పిలుస్తాడు. ఆ ఉత్తుత్తి యాత్రికునికి కూడా గొడుగు, చేతికర్ర, పావుకోళ్ళు ఇచ్చే పంపుతారు! కాశీకి పోయేవాడు వట్టికాళ్ళతో పోవాలని ఆ తంతు పెట్టినవారికి తోచలేదన్నమాట.

భారతంలో అనుశాసనిక పర్వంలో ఇంకా స్పష్టమైన కథ ఉన్నది. జమదగ్ని బాణాలు వేస్తూ ఉంటే రేణుక పరుగున పోయి ఏరి తెస్తున్నది. మిట్టమధ్యాహ్నం తలా పాదాలూ మాడి, ఆమె ఒక చెట్టునీడన నిలిచి ఆలస్యం చేసింది. కారణం విన్న ముని సూర్యుని మీదనే బాణం ఎక్కుపెట్టాడు. సూర్యుడు బ్రాహ్మణ రూపంలో వచ్చి, శాంతింపజేసి, గొడుగునూ చెప్పులనూ ఇచ్చాడు. ఒక స్త్రీ పాదాలు కాలినందుకు లోకానికి చెప్పులు వచ్చాయట. అందుకే మనకు వాటి దానం గొప్ప దానమయింది.

బౌద్ధుల వినయ గ్రంథాలలో ఇటువంటిదే మరొక ముచ్చట. సోణుడనే శ్రీమంతుని బిడ్డ భిక్షువై, చంక్రమణం చేస్తూ చేస్తూ పాదాలు చిట్లి, నడిచిన దారంతా నెత్తుటి మయం చేశాడు. బుద్ధుడు అది చూసి ఒంటి పొర చెప్పులు తొడగటానికి అనుమతించాడు. సుకుమారుడైన తనకొక్కనికే అయితే వద్దన్నాడట సోణుడు. అందుచేత ఆ అనుమతి భిక్షువులందరికీ వర్తించింది. మా దొనకొండ దాపున గుండ్లకమ్మ ఒడ్డున చందవరం స్తూపం ఉన్నది. అక్కడికి పోయినప్పుడల్లా నాకు సోణుడు గుర్తుకు వస్తాడు. ఆ కొండ ఎక్కిన భిక్షువులకు మా పల్లేరు కాయల రుచి తెలిసే ఉంటుంది. జైన మునులు మాత్రం ఈ మినహాయింపు తీసుకోలేదు. వారి విహారం నేటికీ వట్టిపాదాలతోనే.

ఇక చరిత్రలో నిజంగా నడిచినవారి సంగతి. యాత్ర అనగానే మనకు ఏనుగుల వీరాస్వామయ్యగారు గుర్తుకు రావాలి. మదరాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన ఆయన 1830 మే 18న బయలుదేరి, కాశీ చూసి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. దారి పొడవునా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారికి వ్రాసినదే 1838లో అచ్చయిన కాశీయాత్రచరిత్ర. దిగవల్లి వేంకట శివరావుగారు 1941లో దానిని మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. వీరాస్వామయ్యగారు మా నల్లమలకు పడమటి వైపుగా, అహోబిలం చూసుకొని, ఆత్మకూరు మీదుగా శ్రీశైలం వెళ్ళారు. దారి వర్ణనలో ఆయనకు ఆయనే సాటి.

ఆ పుస్తకాన్ని పదవీ విరమణ తరువాత మూడవసారి చదివాను. ఈసారి ఒక చిన్న విషయం పట్టుకొన్నది. ఆయన ప్రయాణం పల్లకిలో. మరి ఆ రాళ్ళు ఎవరి పాదాలకు తగిలాయి? ఆ కాలపు కంపెనీ చిత్రాలలో పల్లకి మోసే బోయీల కాళ్ళు చూడండి, ఎక్కువగా వట్టికాళ్ళే. మదరాసు నుంచి కాశీ దాకా దేశమంతా పాదాలతో చదివినవారు వారు. పుస్తకం మాత్రం పల్లకిలో కూర్చున్నవారు వ్రాశారు. నేను వీరాస్వామయ్యగారిని తప్పు పట్టటం లేదు. ఆయన వ్రాయకపోతే ఆ బోయీలున్నారన్న సంగతి కూడా మనకు తెలిసేది కాదు.

శ్రీశైలానికి తూర్పు ద్వారం మా త్రిపురాంతకం. మార్కాపురం, దోర్నాల మీదుగా అడవిలో పోయే దారి మా తాతల కాలం నుంచి శివరాత్రి యాత్రికుల దారి. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణమంతా శ్రీశైల యాత్రా సంరంభమే. పద్నాలుగవ శతాబ్దంలో, అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. ఇక్కడ చిన్న పిడకలవేట. రాయలసీమ పల్లెలలో చెప్పులను 'మెట్లు' అంటారు. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడే దాకా మార్కాపురం, గిద్దలూరు ప్రాంతం కర్నూలు జిల్లాలోదే గనుక, ఆ మాట మాకూ వినపడేదే. శ్రీశైలం మెట్లెక్కటానికి మెట్లు విడిచిపోవటం మాకు పొరుగు భాషలో పుట్టిన శ్లేష.

శివరాత్రికి మనవారైతే, ఉగాదికి కన్నడ దేశం నుంచి వేలాది మంది వస్తారు. బెళగావి, బాగలకోట వంటి చోట్ల నుంచి వందల మైళ్ళు నడచి, చాలామంది చెప్పులు లేకుండా, కర్నూలు, ఆత్మకూరు దాటి నాగలూటి అడవిదారిన భీముని కొలను మీదుగా కొండ ఎక్కుతారు. కర్రకాళ్ళ మీద నడిచివచ్చేవారు కూడా ఉన్నారు. భ్రమరాంబ తమ ఇంటి ఆడబిడ్డ అని, మల్లికార్జునుడు అల్లుడని వారి భావం. బిడ్డను చూడటానికి పోతూ చెప్పుల మాట ఆలోచించేదెవరు? దారిలో మన తెలుగు పల్లెలవారు మజ్జిగ, అన్నం పెడతారు. బొబ్బలెక్కిన పాదాలకు నూనె రాసేవారూ ఉన్నారు. భాష రాని దేశంలో పరాయివాడి పాదాలు పట్టుకొనే ఆ దృశ్యాన్ని ఒక్కసారి ఆత్మకూరులో కళ్ళారా చూశాను. అక్కడ ఎవరి కులం ఎవరూ అడగలేదు. ఆ సంగతి మళ్ళీ వస్తుంది.

సముద్రం దాటిన మన పాదాల కథ వేరు. ఒకప్పుడు రంగూనులో తెలుగు కూలీలు వేలకు వేలు. కోరంగి రేవు పేరున వారిని అక్కడ కొరంగీలనేవారు. రేవులో బరువులు మోసిన ఆ తెలుగువారిపై 1930 మే నెలలో దొమ్మీలు కూడా జరిగాయి. ఆ రంగూనులోనే ష్వేడగాన్ అనే బంగారు పగోడా ఉన్నది. బర్మావారి ఆచారం ప్రకారం పగోడా ఆవరణలో చెప్పులు నిషిద్ధం. దొరలు మాత్రం బూట్లతోనే ఎక్కి తిరిగి చూసేవారు. లెడీ సయాడో అనే పండిత భిక్షువు ఆ పని తప్పని ఏకంగా ఒక పుస్తకం వ్రాశాడు. 1919లో మాండలేలో బూట్లతో తిరుగుతున్న దొరలపై భిక్షువులు తిరగబడిన తరువాత, ఆ నిర్ణయం పగోడాల పెద్దలకే వదలివేయక ప్రభుత్వానికి తప్పలేదు. అప్పుడు చాలామంది దొరలు బూట్లు విప్పటం కంటె పగోడాకు పోవటమే మానుకొన్నారు! లోకంలోని వింతలలో ఒకటి కళ్ళ ముందున్నా, కాళ్ళు నేలకు ఆనించటం నామోషీ అయింది. మన కొరంగీ కూలీకి ఆ ఇబ్బంది ఏమున్నది? విప్పటానికి ఏదైనా ఉంటే గదా.

అయ్యప్ప దీక్షల సంగతి చెప్పకుండా ఈ వ్యాసం ముగిస్తే మా ఊరివారు ఊరుకోరు. మండల దీక్ష నలభై ఒక్క రోజులూ చెప్పులుండవు. తరువాత బస్సు కట్టించుకొని కాణిపాకం, అరుణాచలం, మధుర, రామేశ్వరం, కన్యాకుమారి చూసుకొంటూ శబరిమల పోతారు. నేను కూడా 1998లో పోయాను. వివేకానంద శిల దగ్గర అందరూ చెప్పులు విప్పి చీటీలు తీసుకొంటుంటే మేము దర్జాగా ముందుకు సాగిపోయాం. 2023 ఫిబ్రవరిలో నటుడు రామ్ చరణ్ ఆస్కార్ వేడుకల కోసం అమెరికా బయలుదేరినప్పుడు దీక్షలోనే ఉన్నాడు. నల్లబట్టలతో, వట్టికాళ్ళతో హైదరాబాదు విమానాశ్రయంలో నడుస్తున్న చిత్రాలు పత్రికలలో వచ్చాయి. అందరూ మెచ్చుకొన్నారు, నేనూ మెచ్చుకొన్నాను. ఆయనను ఎవరూ ఆపి సహాయం కావాలా అని అడిగి ఉండరు.

ఇప్పుడు నాకు చెప్పటం కష్టమైన భాగం.

మా చిన్నప్పుడు మా నాన్నగారికి కిర్రు చెప్పులు కుట్టి తెచ్చే ఒక ముసలాయన ఉండేవాడు. ఆయన మా వీధి మొదటికి రాగానే తన కాళ్ళకున్న చెప్పులు విప్పి చేతబట్టుకొనేవాడు. ఒక చేతిలో నాన్నగారి కొత్త జత, మరొక చేతిలో తన పాత జత. వీధి దాటాక మళ్ళీ తొడుక్కొనేవాడు. ఆయన ఏదో మొక్కు మొక్కాడని నేను చాలాకాలం అనుకొన్నాను. పిల్లవాడికి ఆ మాత్రమే తోస్తుంది. అది మొక్కు కాదని తెలిసేనాటికి ఆయన లేడు. అడగవలసిన మా నాన్నగారిని నేను అడగలేదు.

మా పొరుగున వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువగారి గబ్బిలం నాకు పాఠ్యాంశంగా వచ్చింది, తరువాత నేనే పాఠం చెప్పాను. 1941 నాటి ఆ కావ్యంలో చెప్పులు కుట్టి బ్రతికే కులంలో పుట్టినవాడు కాశీ విశ్వేశ్వరునికి తన గోడు గబ్బిలంతో చెప్పి పంపుతాడు. గుడిలోకి గబ్బిలానికున్న ప్రవేశం అతనికి లేదు. సందేశకావ్య లక్షణాలు, మేఘసందేశంతో పోలికలు, అలంకారాలు అన్నీ పిల్లలకు చెప్పాను. లోకానికి చెప్పులిచ్చి కాశీకి పంపే మనిషి తాను కాశీకి పోలేకపోయాడన్న మాట నాకు తరగతిలో ఒక్కసారి కూడా తట్టలేదు. మా వీధి ముసలాయన కూడా తట్టలేదు.

ఒకమారు గిద్దలూరు దగ్గరి పాఠశాలలో పనిచేస్తుండగా పిల్లలను శ్రీశైలం తీసుకొనిపోయాను. మార్చి నెల, మధ్యాహ్నం. ఆలయం ముందు చెప్పులు విడిచి పిల్లలందరూ కాలే బండల మీద గెంతుతున్నారు. ఒక ఏడవ తరగతి కుర్రవాడు మాత్రం నిదానంగా నడుస్తున్నాడు. అతనికి విప్పటానికి చెప్పులు లేవు. నేను అందరినీ ఆపి, "చూడండర్రా, వీడే అసలైన యాత్రికుడు" అని మెచ్చుకొన్నాను. నాకు తోచిన రెండు మాటలు భక్తిని గురించి కూడా చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. వాడు తల దించుకొని, "అలవాటే సార్" అన్నాడు.

ఆ మాట నన్ను దోర్నాల దాకా పట్టి పీడించింది. అక్కడ బస్సు ఆగినప్పుడు అంగట్లో వాడికొక జత చెప్పులు కొన్నాను. కాగితం విప్పి చూసుకొని, మళ్ళీ చుట్టి సంచిలో పెట్టుకొన్నాడు. తొడుక్కోరా అంటే, "కొత్తవి గదా సార్, ముందు మా అమ్మకు చూపిస్తాను" అని, గిద్దలూరులో బస్సు దిగి వట్టికాళ్ళతోనే ఇంటికి పరుగెత్తాడు.