కొయ్యబొమ్మ కట్టిన చీర



రాజులు కట్టించిన గుడులను గూర్చియు, వేయించిన శాసనములను గూర్చియు చెప్పువారు పలువురు కలరు. నేడు నేను చెప్పబూనినది జానెడు పొడవైనను లేని కొయ్యబొమ్మ కట్టిన చీరను గూర్చి. ఇదియు చరిత్రమేనా యని నవ్వువారు నవ్వవచ్చును. బడిలో 35 ఏండ్లు పాఠము చెప్పినవాడను. నవ్వులు నాకు క్రొత్త కావు.

విజయవాడకు సమీపమున, రెడ్డిరాజులనాటి కోట గల కొండ క్రింద, కొండపల్లి గ్రామమున్నది. అచ్చట బొమ్మలు చేయువారిలో ఆర్యక్షత్రియులు ముఖ్యులు. తమ పూర్వులు 16వ శతాబ్దమున రాజస్థానమునుండి వచ్చిరని వారు చెప్పుకొందురు. శివుని యనుగ్రహమున ఈ విద్యను బడసిన ముక్తర్షి తమ మూలపురుషుడని నమ్ముదురు. ఇట్టి ఐతిహ్యమును శాసనమువలె చదువరాదు, అట్లని త్రోసివేయనురాదు.

వారు వాడు తెల్లపొణికి కొయ్య మిక్కిలి తేలికైనది. దానిని సన్నని సెగపై ఆఱబెట్టి, చెమ్మ పోయిన పిదప బాడిసతోను ఉలితోను చెక్కుదురు. మొండెము వేఱుగా, చేతులు వేఱుగా చెక్కి, చింతగింజల పిండియు ఱంపపుపొట్టును కలిపి చేసిన మక్కుతో అతుకుదురు. ఆ మక్కుతోనే సందులు పూడ్చి, అవయవములకు ఒంపు తెత్తురు. ఆకురాయితో నునుపు చేసి, పైని సుద్దపూత వేయుదురు. ఇంతవఱకు రాజైనను, కూలివాడైనను, గజమైనను ఒక్క తెలుపే. పిమ్మట మేకవెండ్రుకల కుంచె వచ్చును. అప్పుడుగాని ఎవరెవరో తెలియదు.

ఇచ్చట ఒక సూక్ష్మమున్నది. రాతిలో చెక్కు శిల్పికి వస్త్రపు మడతలు చూపుటకు చోటు కలదు. నాలుగంగుళముల బొమ్మకు చీర మందమును కొయ్యలో చెక్కబూనినచో అది చీరవలె గాక గోనెవలె కనబడును. కావున కొయ్యవాడు నడుము దిగువ నున్నని గుండ్రదనము మాత్రము విడిచిపెట్టును. తక్కినదంతయు కుంచె పని. మోచేతికి పైని రంగు మాఱి, ఆ మాఱినచోట ఒక సన్నగీత చుట్టిన యెడల అది రవికె. కాలిమడమ పైని పసుపుగీత చీర అంచు. భుజము మీదుగా ఏటవాలుగా పోయిన గీత పైట. తెల్లని నేలపై ఎఱ్ఱగీత యొకటి దించినచో అది పంచె. ఈ గీతలు తీసివేసితిమా, మిగులునది చెక్కముక్క.

చిత్రములలో వస్త్రమును చూచి చరిత్రము తెలిసికొనుట క్రొత్త పద్ధతి కాదు. అచ్యుతదేవరాయలు 1529 మొదలు 1542 వఱకు రాజ్యమేలెను. ఆ కాలపు లేపాక్షి వీరభద్రాలయమున కప్పులపై చిత్రకారులు చీరల మీది గళ్ళను, చాఱలను, పువ్వులను ఎంతో ఓపికతో వ్రాసిరి. పురుషుల తలలపై పొడవైన కుళ్ళాయిలు కలవు. నాటి నేతను, వేషమును తెలియగోరువారు మెడలు నొప్పిపుట్టువఱకు ఆ కప్పుల క్రింద నిలుతురు. కాని ఆ కప్పుపై నున్నవారు ప్రధానముగా దేవతలు, దొరలు, వారి పరివారము. వడ్లు దంచు స్త్రీ ఏ తీరున చీర కట్టెనో, తాడిచెట్టెక్కువాడు నడుమునకు ఏమి చుట్టెనో ఎచ్చట చూడవలెను? వారికి శాసనము వేయించినవారు లేరు. కొండపల్లివాడు దశావతారములతోను, అంబారీ యేనుగుతోను పాటు వారిని కూడ చేసి, వారికి బట్ట కట్టెను.

ఈ సాక్ష్యమును మితముగా వాడవలెను. బొమ్మపై తేదీ యుండదు. కొయ్య పురుగు తినును, తడికి పాడగును. పిల్లల చేతిలో పడినది ఎన్నాళ్ళుండును? పైగా తండ్రి వేసిన గీతనే కొడుకును వేయును గనుక, ఊరిలో మాఱిపోయిన కట్టు బొమ్మపై ఇంకను కొంతకాలము నిలుచును. రంగుల మాట అసలే నమ్మరాదు. సంతలో కంటికింపుగా నుండవలెనని ఎఱుపు, పసుపు, ఆకుపచ్చ దట్టముగా వేయుదురు. కట్టు తీరు, అంచు పోయిన దారి, ఇవి మాత్రము కొంత నమ్మదగినవి.

ఈ సంగతి నాకు పుస్తకమువలన తెలియలేదు. నా తప్పువలన తెలిసినది.

మా తల్లిగారి సంక్రాంతి కొలువులో రోకలి పట్టిన స్త్రీబొమ్మ యొకటి యుండెడిది. అది ఆమెకు మా అమ్మమ్మ యిచ్చినది. దీపపు మసియు నూనెయు పట్టి, రంగు తెలియకుండ నుండెను. నేను ఉద్యోగములో నున్నప్పుడు, ఒక పండుగకు ముందు, కిటికీలకు వేయగా మిగిలిన ఎఱ్ఱ ఎనామిల్ రంగును దాని నడుమునుండి పాదముల వఱకు పూసితిని. మెఱయుచున్న ఆ బొమ్మను తెచ్చి చూపగా మా తల్లిగారు ఏమియు అనలేదు. కొలువులో దానిని మాత్రము ముందు మెట్టునుండి వెనుక మెట్టునకు జరిపిరి. నాడు నేను బడిలో చెప్పుచున్నది చరిత్రపాఠమే.

ఆమె గతించిన కొన్ని యేండ్లకు, మసి పట్టినచోట ఎనామిల్ సరిగా అతుకనందున, వెనుకవైపు రూపాయి బిళ్ళంత పెచ్చు ఊడినది. లోపల ముదురాకుపచ్చ నేల. దానిపై వెండ్రుకవంటి గీతలతో గళ్ళు. ఆ గళ్ళనడుమ పసుపుపచ్చని అంచు కాళ్ళసందునుండి పైకి వచ్చి, వెనుక నడుమున దోపుకొన్నట్లు ముగిసినది. అది గోచికట్టు. మా అమ్మమ్మ గోచిపోసి చీర కట్టెడిదని మా తల్లిగారు చెప్పగా విని యుంటిని. కన్నులార చూచినది ఆ పెచ్చు క్రిందనే. కొయ్యలో గోచి చెక్కలేదు. ఆ యొక్క పసుపుగీతయే గోచి. నేను ఎఱ్ఱగా పూయగానే ఆ స్త్రీ గోచి విప్పి, నా కాలపు కుచ్చెళ్ళ చీర కట్టుకొన్నది.

ఎనామిల్‌ను వాడిన కొండపల్లివారిని నేను నిందింపను. పూర్వము ఆకులనుండియు, చెట్లనుండియు, రాళ్ళనుండియు తీసిన రంగులు వేసెడివారు. కొనువాడు మెఱపు కోరెను, తుడిచిన పోనిది కోరెను. వారు అట్లే చేసిరి. ఇటీవల కొందఱు మరల చెట్టురంగులకు మఱలినారు. పొణికి కొయ్య దొఱకుటయే కష్టమగుచున్న దినములలో అది సులభమైన పని కాదు. వారు క్రొత్తబొమ్మపై క్రొత్తరంగు వేసిరి; పాతబొమ్మపై పూసినవాడను నేను.

మిగిలిన ఎఱుపును తీసివేయరాదా యని మా యింటివారడిగిరి. పాదమువద్ద గోటితో కొంచెము గీకి చూచితిని. పై రంగు, లోని రంగు, సుద్ద, మూడును కలిసి లేచి తెల్లని కొయ్య బయటపడెను. అంతటితో మానితిని. ఇప్పుడు కొలువునాడు ఆ బొమ్మను ముందు మెట్టుపైననే, వీపు మావైపు ఉండునట్లు నిలుపుచున్నాము.