వాన కురిసెనా, కురియుచుండెనా?

అనంతపుర మండలమున వాన మాట వినిన చెవి నిక్కించనివారు లేరు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షముతో వేరుసెనగ పండించుకొను నేల యిది. 'వాన కురిసెను', 'కురియుచుండెను' అను మాటల భేదము ఇచ్చటి రైతుకు వ్యాకరణ విషయము మాత్రమే కాదు. ఈ భేదమును స్పానిషు భాష ఎట్లు తెలుపునో నేడు మనవి చేయదలచితిమి.

స్పానిషుకును అనంతపురమునకును పొత్తేమని శ్రోతలు అడుగవచ్చును. 1920లో బార్సిలోనాలో జన్మించిన విన్సెంటు ఫెర్రరు 1952లో భారతదేశమునకు వచ్చెను. 1969లో అనంతపురమున స్థిరపడి, ప్రజలు ఆర్.డి.టి. యని పిలుచు సంస్థను నెలకొల్పెను. 2009లో ఇచ్చటనే కన్నుమూసెను. ఆ సంస్థకు తోడ్పడు స్పెయిను దేశీయులకును, మన పల్లెల పిల్లలకును నడుమ ఉత్తరములు నడచుటచే, ఆ భాషను నేర్చిన అనువాదకులు ఈ ఊర అవసరమైరి.

స్పానిషులో పదము అచ్చుతో గాని, న, స లతో గాని ముగిసినచో ఊనిక తుదినుండి రెండవ అక్షరముపై పడును. ఇతర హల్లులతో ముగిసినచో తుది అక్షరముపై పడును. ఈ నియమము తప్పినచోట అచ్చుపై చిన్న గీత యుంతురు. 'యేగొ' అను మాటలో మొదటి అక్షరమును ఊనినచో 'నేను చేరుచున్నాను'. తుది అక్షరమును ఊనినచో 'అతడు చేరెను'. మనకు చేరితిని, చేరెను అని క్రియాంతమే కర్తను చెప్పును. మన చెవి హ్రస్వదీర్ఘములను పట్టును గాని ఊనికను అంతగా పట్టదు. అందుచే ఆ గీతను గమనింపని అనువాదకుని చేతిలో ఉత్తరమున వచ్చినవాడే మారిపోవును.

ఇక వాన మాట. 'యో-వ్యో' అను రెండక్షరముల మాటకు కురిసెనని యర్థము. 'యో-వీ-అ' అను మూడక్షరముల మాటకు కురియుచుండెనని యర్థము. రెంటను ఊనిక రెండవ అక్షరముననే యున్నది. ఇకారము సామాన్యముగా ప్రక్కనున్న ఒకారాదులతో కలిసి యొకే అక్షరమగును. ఇకారముపైననే గీత పడినచో విడిపోవును.

అక్షరములను లెక్కించుట ఎవరికిని క్రొత్త కాదు. 1492లో నెబ్రిహా రచించిన కాస్తీలియ వ్యాకరణము అక్షరమును, ఊనికను చర్చించెను. 1827లో సి. పి. బ్రౌను తెలుగు, సంస్కృత ఛందస్సులను వివరించు ఆంగ్ల గ్రంథమును మద్రాసున ప్రకటించెను. 1829లో వేమన పద్యములను అచ్చు వేయించెను. ఆ వేమన సమాధి కదిరి ప్రాంతపు కటారుపల్లిలోనే కలదు. నాడు విదేశీయుడొకడు మన గురులఘువులకు చెవి యొగ్గెను. నేడు మన యువకులు పరుల ఊనికకు చెవి యొగ్గుచున్నారు. పల్లెలో వాన కురిసి వెలిసినదో, ఇంకను కురియుచుండెనో దూరదేశమునకు సరిగా తెలుపుటకు ఆ శ్రద్ధయే ఆధారమని మేము తలంచుచున్నాము.