భుజం దాటని దెబ్బ

గోల్ఫ్ ఆటలో ఒక విచిత్రమైన లెక్క ఉంది. బలమంతా కూడదీసుకుని బంతిని 250 గజాల అవతలికి కొట్టినా ఒక దెబ్బే. గుంట అంచున ఆగిపోయిన బంతిని జానెడు దూరం నెట్టినా ఒక దెబ్బే. ఖాతాలో రెండూ ఒక్కలాగే పడతాయి. ఆట ముగిసేసరికి ఎవరు తక్కువ దెబ్బలు కొడితే వాళ్ళదే గెలుపు. “ఇదేం న్యాయం!” అనిపిస్తుంది మొదట వినగానే. కానీ వంటిల్లు తెలిసినవాళ్ళకి ఈ న్యాయం కొత్త కాదు. పప్పు ఉడకడానికి అరగంట పట్టినా, ఉప్పు వెయ్యడానికి అరక్షణం పట్టినా, రెంటిలో ఏది తప్పినా పులుసు పాడైనట్టే కదా!

గుంటకి దగ్గరలో ఆడే ఈ చిన్న దెబ్బలు ముఖ్యంగా రెండు రకాలు. గడ్డిని తివాచీలా కత్తిరించి ఉంచిన చోట బంతిని నేలమీదే దొర్లించి గుంటలోకి పంపడం ఒకటి. దాని పేరు పటింగ్. ఆ తివాచీకి కాస్త బయట పడిన బంతిని కొద్దిగా ఎగరేసి, లోపల వాలి, మెల్లగా దొర్లేట్టు చెయ్యడం రెండోది. దాన్ని చిప్ అంటారు. మామూలు మైదానంలో గుంటలు 18. బాగా ఆడేవాళ్ళు మొత్తం 72 దెబ్బల్లో ముగించాలని లెక్క కడితే, అందులో గుంటకి రెండు చొప్పున 36 దెబ్బలు పటింగ్‌కే పోతాయి. అంటే సరిగ్గా సగం ఆట!

ఈ సగం ఆట ఒకప్పుడు ఆడవాళ్ళ వాటాకి వచ్చింది. ప్రేమతో ఇచ్చిన వాటా కాదు. “మీకు ఇది చాలు” అని విసిరిన వాటా. అది ఎలా వచ్చిందో, దాన్ని వాళ్ళేం చేసుకున్నారో చెప్పడానికే ఈ నాలుగు మాటలూ.

గోల్ఫ్‌కి పుట్టిల్లు స్కాట్లండు. అక్కడ ఎడిన్‌బరో నగరానికి దగ్గరగా సముద్రపు ఒడ్డున మసల్‌బరో అనే ఊరుంది. 1810 డిసెంబరులో ఆ ఊరి గోల్ఫ్ సంఘంవారు తమ పుస్తకంలో ఒక తీర్మానం రాసుకున్నారు. కొత్త సంవత్సరం నాటి ఆటలో అందరికంటే బాగా ఆడిన ఆడమనిషికి ఒక మంచి చేపలబుట్టా, ఒక శాలువా బహుమతి. వాటికి తోడు బార్సిలోనా పట్టు రుమాళ్ళు కూడా. ఈ కబురు ఊళ్ళో చేపలమ్మే ఆడవాళ్ళకి చెప్పి రమ్మని మనిషిని కూడా పురమాయించారు. చేపలబుట్ట బహుమతి ఏమిటని నవ్వకండి. రోజూ బుట్ట వీపున వేసుకుని మైళ్ళకి మైళ్ళు నడిచే మనిషికి గట్టి బుట్ట కంటే పనికొచ్చే వస్తువేముంటుంది? ఆ బెస్తవాడ ఆడవాళ్ళు కర్ర ఎంత ఎత్తు లేపాలో ఎవరూ కొలిచి చెప్పినట్టు లేదు. బరువు మోసే భుజాల విషయంలో లోకానికి పట్టింపు తక్కువ!

మర్యాదస్తుల ఇళ్ళ ఆడపిల్లల సంగతి వచ్చేసరికి కొలతలు మొదలయ్యాయి. గోల్ఫ్‌కి కాశీ లాంటి ఊరు సెయింట్ ఆండ్రూస్. అక్కడ 1754లో ఏర్పడిన మగవారి క్లబ్బు ఉంది. మైదానం పక్కనే రాతి భవనమూ, దర్జా ఉన్న క్లబ్బు. ఆడవాళ్ళకి అందులో సభ్యత్వం లేదు. 1867లో ఆ ఊరి స్త్రీలు తమకంటూ ఒక క్లబ్బు పెట్టుకున్నారు. వాళ్ళకి దొరికింది పెద్ద మైదానం కాదు, దాని అంచున ఇసుకతీరం వైపు గడ్డి పెరిగిన ఓ మిట్టపల్లాల ముక్క. పెద్ద మైదానాన్ని చూసుకునే టామ్ మారిస్ అనే పేరుమోసిన ఆటగాడే దాన్నీ వాళ్ళకి సిద్ధం చేసి పెట్టాడు. ఆడవలసింది పటింగ్ మాత్రమే. చేతిలో ఒకటే కర్ర, అదీ చిన్న దెబ్బలు కొట్టే కర్ర.

ఆ ముక్కకి వాళ్ళు పెట్టుకున్న పేరేమిటో తెలుసా? హిమాలయాలు! మన కొండలేమిటి, స్కాట్లండు ఏమిటి అనుకుంటాం. ఆ నేల నిండా మనిషి నడుము దాకా వచ్చే గుట్టలూ, పళ్ళేల్లాంటి పల్లాలూ. బంతిని నేరుగా గుంటవైపు పంపితే అది ఒక గుట్ట ఎక్కి, రెండో గుట్ట పక్కనుంచి జారి, ఎటో పోయి కూర్చుంటుంది. ఆ వంపులన్నీ ముందే కంటితో కొలిచి, గుంటకి మూరెడో బారెడో పక్కకి గురిపెట్టాలి. ఆడుకోమని ఇచ్చిన చోటే ఆటలోకల్లా కష్టమైన చోటయింది!

ఈ కట్టుబాటు వెనక ఉన్న ఆలోచన ఏమిటో 1890లో అచ్చులోనే బయటపడింది. హొరేస్ హచిన్‌సన్ అనే ప్రసిద్ధ ఆటగాడు గోల్ఫ్ గురించి తెచ్చిన పుస్తకంలో లార్డ్ వెల్‌వుడ్ అనే జడ్జీగారు ఆడవాళ్ళ ఆట మీద తన అభిప్రాయం రాశారు. ఆడవాళ్ళు 70, 80 గజాలకి మించి కొట్టకపోవడం మంచిదట. వాళ్ళకి శక్తి లేక కాదట. అంతకంటే దూరం కొట్టాలంటే కర్ర భుజం దాటి పైకి లేవాలి; ఆడవాళ్ళ దుస్తుల్లో ఆ భంగిమ చూడటానికి అంత సొంపుగా ఉండదట! శాసించడం మాత్రం తన ఉద్దేశం కాదని కూడా ఆయనే అన్నారు. ఇలా శాసించకుండానే శాసించే పెద్దమనుషులు ఏ దేశంలో లేరు చెప్పండి!

దుస్తుల మాట మాత్రం నిజమే. నేలని తుడిచే గౌన్లూ, బిగించిన నడుములూ, పిన్నులతో నిలబెట్టిన టోపీలూ. సముద్రపు గాలికి గౌను గొడుగులా లేస్తే కాళ్ళ దగ్గరున్న బంతి కనపడదు. అందుకని గౌను చుట్టూ వేసుకోవడానికి సాగే పట్టీ ఒకటి వచ్చింది. తీరా చూస్తే తప్పు భుజానిదీ కాదు, కర్రదీ కాదు, గుడ్డదన్నమాట. గుడ్డ మార్చమనడానికి బదులు ఆట మార్చమన్నారు.

సరే, ఆ కంచెలో ఉండి వాళ్ళు నేర్చుకున్నదేమిటి? పటింగ్‌లో బలానికి పనిలేదు. దాన్ని నేర్పే గురువులు ఇవాళ్టికీ చెప్పేది ఇదే: మణికట్టు కదలకూడదు, తల ఎత్తకూడదు, రెండు భుజాలూ గడియారపు లోలకంలా ఊగాలి. బంతి వెనక గొంతుక్కూర్చుని నేల వాలు చూడాలి. గుంట దాకా నడిచి వెళితే కంటికి తెలియని వాలు అరికాలికి తెలుస్తుంది. అన్నిటికంటే పెద్ద రహస్యం దూరం. దారి కొంచెం తప్పినా గుంట పక్కనే ఆగిన బంతిని తరవాతి దెబ్బలో వెయ్యొచ్చు. వేగం తప్పితే మాత్రం మళ్ళీ కథ మొదటికొస్తుంది. గుంట వెడల్పు 1891లో ఖాయం చేశారు, నాలుగుంపావు అంగుళాలు. మన కాఫీ సాసరు కంటే చిన్నది! దూసుకొచ్చిన బంతి దాని మీదుగా దాటిపోతుంది. తగ్గిన వేగంతో వచ్చిన బంతికి అంచు తగిలినా చాలు, లోపలికి దొర్లుతుంది.

దీనికి సాధన కూడా ఖరీదైనది కాదు. గుంట చుట్టూ గజం దూరంలో నాలుగు వైపులా నాలుగు బంతులు పెట్టి, నాలుగూ పడేదాకా ఆడటం. ఒకటి తప్పితే మళ్ళీ మొదటినుంచి. దూరపు బంతులకైతే గుంట మాట మరిచిపోయి, దాని చుట్టూ రెండు బారల వలయం ఉందనుకుని అందులో ఆపడం. చిప్‌కైతే నేలమీద తువ్వాలు పరిచి బంతిని దానిమీద వాలేట్టు కొట్టడం. చిన్నప్పుడు తొక్కుడుబిళ్ళ ఆడిన వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. బిళ్ళ గీతమీద పడకుండా, గడి దాటకుండా ఎంత విసరాలో ఆ వేళ్ళకి తెలుసు. ఆ తెలివిని బలహీనతకి ఇచ్చిన బదులుగా చూడటం ఎంత తప్పో గోల్ఫ్ చరిత్రే చెప్పింది.

1893లో ఇంగ్లండు స్త్రీలు తమ క్లబ్బులన్నిటినీ కలిపి ఒక సమాఖ్య పెట్టాలనుకున్నారు. సలహా అడిగితే ఆ హచిన్‌సన్‌గారే, ఆడవాళ్ళు ఏ పనిలోనూ కలిసికట్టుగా ఉండలేరనీ, చిన్నదానికే పోట్లాడుకుంటారనీ జవాబు రాశారు. ఆ ఉత్తరం చదివి కూడా వాళ్ళు సమాఖ్య పెట్టారు. ఇసెట్ పియర్సన్ అనే ఆవిడ కార్యదర్శి. ఆ ఏడే మొదటి పోటీ జరిగింది. గెలిచింది లేడీ మార్గరెట్ స్కాట్. 1894లోనూ, 1895లోనూ కూడా ఆవిడే. ఆవిడ దెబ్బకి లేచిన కర్ర భుజం దాటి వీపు వెనక్కి వాలేది! జడ్జీగారి పుస్తకం వచ్చి అప్పటికి మూడేళ్ళే.

1900లో పారిస్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి తొమ్మిది గుంటల గోల్ఫ్ పోటీ పెట్టారు. పాల్గొన్నది పదిమందే. 47 దెబ్బల్లో ముగించి గెలిచింది మార్గరెట్ ఎబట్ అనే అమెరికా అమ్మాయి. ఆమె పుట్టింది మన కలకత్తాలో! చిత్రలేఖనం నేర్చుకోవడానికి పారిస్ వచ్చి సరదాగా పోటీలో చేరింది. మిగతావాళ్ళు బిగుతు గౌన్లతో, మడమల జోళ్ళతో వచ్చారు కాబట్టే నేను గెలిచానని ఇంట్లో వాళ్ళతో నవ్వుతూ చెప్పిందట. అదే పోటీలో వాళ్ళమ్మ కూడా ఆడింది. ఆవిడ నవలా రచయిత్రి. 65 దెబ్బలు పట్టాయి పాపం! అయినా నవలలు రాసే ఆవిడ కూతురి పక్కన కర్ర పట్టుకుని నిలబడిందంటే నాకు భలే ముచ్చటగా ఉంటుంది. మార్గరెట్‌కి బహుమతిగా ఒక పింగాణీ పాత్ర ఇచ్చారు. తను గెలిచింది ఒలింపిక్స్ అని తెలియకుండానే 1955లో ఆమె కన్నుమూసింది.

1920లో షెరింగ్‌హామ్ అనే ఊళ్ళో జరిగిన సంగతి ఇంకొకటి. జాయిస్ వెదరెడ్ అనే పద్దెనిమిదేళ్ళ పిల్ల, అప్పటి మేటి ఆటగత్తె సెసిల్ లీచ్‌తో తలపడింది. ఆట తేల్చే పటింగ్ దెబ్బ కొట్టే సమయానికి పక్కనున్న పట్టాల మీద రైలు ధడధడా పోయింది. బంతి తిన్నగా గుంటలో పడింది. “రైలు పోయేదాకా ఆగలేదేం?” అని తరవాత అడిగితే, “ఏ రైలు?” అందట ఆ పిల్ల! మగవాళ్ళలో మహా ఆటగాడు బాబీ జోన్స్, ఆమెతో ఆడాక, తనకంటే ఇంత పైచేయి అనిపించిన మనిషిని మగవాళ్ళలోగాని ఆడవాళ్ళలోగాని చూడలేదని ఒప్పుకున్నాడు.

ఈ కథకి మన దేశంలోనూ ఒక కొస ఉంది. కరోనా వల్ల 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో బెంగుళూరు అమ్మాయి అదితి అశోక్‌ని దేశమంతా పొద్దున్నే లేచి చూసింది. దూరం కొట్టడంలో చాలామంది ఆమెని దాటిపోయారు. గుంట దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడేది. చిన్న దెబ్బలతోనే నాలుగు రోజులు పతకం అంచున నిలిచింది. చివరికి ఒకే ఒక్క దెబ్బ తేడాలో నాలుగో స్థానం. ఆ ఒక్క దెబ్బ దూరపుదైతేనేం, జానెడుదైతేనేం! ఆ నాలుగు రోజులూ కర్రల సంచీ మోస్తూ పక్కన నడిచింది వాళ్ళమ్మ. 121 ఏళ్ళ క్రితం పారిస్‌లో ఆడిన తల్లీకూతుళ్ళు గుర్తొచ్చారు నాకు.

ఇదంతా చదివి, “చూశారా, చిన్న పనిలోనే గొప్పతనం ఉంది, ఆడవాళ్ళు దానితోనే తృప్తిపడితే సరి” అనేవాళ్ళు బయల్దేరతారు. చరిత్ర చెప్పేది అది కాదు. చిన్న దెబ్బ విలువ పెద్దదే. కానీ చిన్న దెబ్బే కొట్టు అని ఒకరు గీత గీస్తే, అది విలువ ఇవ్వడం కాదు, వాటా కొయ్యడం. సెయింట్ ఆండ్రూస్ స్త్రీలు పటింగ్‌ని మనసారా ప్రేమించారు. వాళ్ళ తరవాతివాళ్ళు కర్రని భుజం పైకీ ఎత్తారు. రెండూ కావాలన్నారు, రెండూ తీసుకున్నారు.

1754 నాటి ఆ మగవారి క్లబ్బు 2014 సెప్టెంబరులో ఓటు పెట్టి, నూటికి 85 ఓట్లతో స్త్రీలకి తలుపు తీసింది. 2007లో తొలిసారి స్త్రీల బ్రిటిష్ ఓపెన్ పోటీ ఆ పాత మైదానంలో జరిగింది, మెక్సికో అమ్మాయి లొరేనా ఒచోవా గెలిచింది. 2024లో అక్కడే న్యూజీలండ్ ఆటగత్తె లిడియా కో గెలిచింది. ఆమె కొట్టిన దూరపు దెబ్బలు చూసి సొంపు లేదన్నవాళ్ళు ఎవరూ లేరు.

మరి ఆ హిమాలయాలో? స్త్రీల క్లబ్బూ ఉంది, గుట్టలూ ఉన్నాయి. కాస్త రుసుము కడితే ఎవరైనా ఆడొచ్చు. పెద్ద మైదానంలో వందల గజాలు కొట్టి వచ్చిన మొగుళ్ళు అక్కడ ఒక గుట్ట ముందు గొంతుక్కూర్చుని, వాలు ఎటో తేల్చుకోలేక తల గోక్కుంటూ ఉంటారు. పక్కన ఆవిడ నింపాదిగా గుంటకి బారెడు అవతలికి గురిపెడుతుంది. బంతి గుట్ట ఎక్కుతుంది, ఆగినట్టే ఆగుతుంది, పక్కకి తిరుగుతుంది. తరవాత వినపడేది గుంటలోంచి వచ్చే ఆ చిన్న చప్పుడే.