రాస్ చెప్పింది సగం కథే

అనంతగిరి కొండల్లో తేటగా పుట్టే మూసీ హైదరాబాదు చేరేసరికి ఎలా తయారవుతుందో మనందరికీ తెలుసు. జ్వరమొస్తే దాన్నే తిట్టుకుంటాం. కానీ మురుగులో ఎక్కువగా పెరిగేది క్యూలెక్స్ దోమ. మలేరియాని మోసే అనాఫిలిస్‌కి సాధారణంగా శుభ్రమైన నీళ్ళే కావాలి!

ఆ అనాఫిలిస్ గుట్టు బయటపడింది కూడా ఇక్కడే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ దోమల చేత కుట్టించుకున్న హుసేన్ ఖాన్ అనే రోగికి దోమకి ఒక అణా చొప్పున ముట్టింది. రాస్‌కి 1902లో నోబెల్ వచ్చింది. మనం కథ ఇక్కడితో ఆపేస్తాం. కానీ ఇది సగమే. దోమ కుట్టాక మన ఒళ్ళు ఏం చేస్తుంది?

1900లో రాబర్ట్ కోచ్ న్యూగినీలో ఊళ్ళవాళ్ళ రక్తం పరీక్షిస్తే, పిల్లల్లో పరాన్నజీవులు చాలా ఎక్కువ, పెద్దల్లో బాగా తక్కువ. అంటే ఒళ్ళు మెల్లగా నేర్చుకుంటోందన్నమాట. 1961లో కోహెన్, మెక్‌గ్రెగర్, కారింగ్టన్ దీన్ని నిరూపించారు. గాంబియాలో పెద్దవాళ్ళ రక్తం నుంచి తీసిన యాంటీబాడీలను జబ్బుపడ్డ పిల్లలకి ఎక్కిస్తే పరాన్నజీవులు తగ్గిపోయాయి.

మరి తట్టు ఒకసారి వచ్చిపోతే మళ్ళీ రాదు కదా, మలేరియా ఎందుకు మళ్ళీ మళ్ళీ వస్తుంది? ఫాల్సిపారం దగ్గర దాదాపు 60 వేషాలున్నాయి, ఒక్కో వేషానికి ఒక్కో జన్యువు. యాంటీబాడీలు ఒక వేషాన్ని గుర్తుపట్టేలోపు ఇంకోటి వేసుకుంటుంది. యాంటీవైరస్ అప్‌డేట్ వచ్చేలోపు కోడ్ మార్చేసే వైరస్ లాంటిదే :)

ఇంకో చిక్కు, ఈ రక్షణ నిలవదు. మలేరియా ప్రాంతం వదిలి కొన్నేళ్ళు బయట ఉంటే చాలావరకు పోతుంది. పదేళ్ళు అమెరికాలో ఉండొచ్చి "నేనిక్కడే పుట్టి పెరిగాను, నాకేం కాదు" అనేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. సిటీలోనే పెరిగిన మనలో చాలామందికైతే ఆ రక్షణ అసలు ఏర్పడే ఉండదు.

"సహజ ఇమ్యూనిటీ" అని గొప్పగా చెప్పుకునేవాళ్ళని చూస్తే నాకు అందుకే చిరాకు. మలేరియా విషయంలో దాని ఖరీదు చిన్నపిల్లల ప్రాణాలు. కోచ్ చూసిన పెద్దలు బతికి బయటపడ్డవాళ్ళు. పడనివాళ్ళు ఆ లెక్కలోకే రాలేదు.

ఆ ఖరీదు కట్టకుండా రక్షణ నేర్పడానికే టీకా. పరాన్నజీవి కాలేయంలో దూరకముందే, ఇంకా వేషాలు మార్చే దశకి రాకముందే పట్టుకోమని ఒంటికి నేర్పే ఆర్‌టీఎస్‌,ఎస్ టీకాని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫార్సు చేసింది. రాస్ దోమని చూసిన 124 ఏళ్ళకి! దాని తయారీ పరిజ్ఞానాన్ని హైదరాబాదులోని భారత్ బయోటెక్‌కి ఇచ్చే ఒప్పందం కూడా అదే ఏడాది కుదిరింది. 2023లో సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసే ఆర్21కి కూడా సిఫార్సు దొరికింది. రెండూ పూర్తి రక్షణ ఇవ్వవు, బూస్టర్లు కావాలి, దోమతెర ఎలాగూ తప్పదు.

రాస్ మొదలుపెట్టిన కథలో రెండో సగం ఇంకా నడుస్తూనే ఉంది. ఈలోగా చలిజ్వరం వస్తే మీ ఇమ్యూనిటీని పరీక్షించకండి, రక్తం పరీక్ష చేయించుకోండి.