గొర్రెపిల్ల ప్రేగులోని రహస్యము

నెల్లూరు గొర్రె మన దేశపు గొర్రెలలో మిక్కిలి ఎత్తైనది. జోడిపి, పల్ల, డోర అని దీనిలో మూడు రకములు కలవు. ఈనిన తల్లి ప్రక్కన తడబడుచు లేచు పిల్లను గమనింపుడు. రోగక్రిములను పట్టుకొను ప్రోటీనులైన ప్రతిరక్షకములు దాని రక్తములో దాదాపు శూన్యము. మానవ శిశువునకు అవి పుట్టకముందే మాయ ద్వారా తల్లినుండి అందును. గొర్రెకు, ఆవుకు ఆ మార్గము లేదు. అవి ముర్రుపాలలోనే రావలెను. పుట్టిన కొన్ని గంటలలోనే పిల్ల వానిని త్రాగవలెను. ఒక దినము గడిచినచో ప్రేగు ప్రతిరక్షకములను రక్తములోనికి పోనీయదు.

తల్లి ఇచ్చినది కొద్దికాలపు రక్షణ మాత్రమే. ఆపైన పిల్ల స్వయముగా ప్రతిరక్షకములను తయారుచేసికొనవలెను. క్రిములు అసంఖ్యాకములు; జన్యువులు పరిమితములు. కొద్ది జన్యువులతో ఇన్ని రకముల ప్రతిరక్షకములు ఎట్లు పుట్టుచున్నవి?

1956లో అమెరికాలో బ్రూస్ గ్లిక్, అతని సహచరులు ఒక సంగతి ప్రకటించిరి. కోడిపిల్లలో మలద్వారము చెంతనుండు ‘బర్సా’ అను సంచిని తొలగించినచో, అది పెరిగిన తరువాత ప్రతిరక్షకములను సరిగా తయారుచేయలేదు. 1976లో సుసుము టొనెగావా, ఎలుకలో జన్యుఖండములు స్థానము మారి క్రొత్తవిధముగా అతుకుకొనునని చూపెను. పేకముక్కలు కలిపినకొలది క్రొత్త ఆటలు వచ్చునట్లే, ఖండములు కలిసినకొలది క్రొత్త ప్రతిరక్షకములు వచ్చును. ఇందులకు 1987లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను.

అన్ని జంతువులదీ ఇదే పద్ధతియా? కాదు. కోడికి పనికివచ్చు ఖండములు అత్యల్పము. అది బర్సాలో, ప్రక్కనున్న నిరుపయోగ జన్యువులనుండి తునకలను నకలుచేసికొని మార్పులు తెచ్చుకొనునని రెనో, వెయ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు 1987లో తెలిపిరి. వారే 1995లో గొర్రె రహస్యమును విప్పిరి. గొర్రెపిల్ల చిన్నప్రేగు చివరిభాగపు గోడలో ‘పేయర్ ప్యాచ్’ అను కణసముదాయము కలదు. అచ్చట బి-కణములు వృద్ధిచెందుచు, తమ ప్రతిరక్షక జన్యువులలో ఉత్పరివర్తనములు కలిగించుకొనును. విశేషమేమన, ఇందులకు బయటి క్రిముల ప్రేరణ అక్కరలేదు. రాబోవు శత్రువెవరో తెలియకముందే ఆయుధములు సిద్ధమగుచున్నవి! గొర్రె పెద్దదైన పిదప ఈ కణసముదాయము క్షీణించిపోవును.

2013లో ఆవునందు మరొక వింత బయటపడినది. దాని ప్రతిరక్షకములు కొన్నింటిలో ఒక భాగము కాడవలె పొడవుగా సాగి, కొసన ముడివలె చుట్టుకొని యుండును. ఆ ముడిలోని మార్పులే వైవిధ్యమునకు మూలము.

ఇట్లు ఒక్కొక్క జంతువు ఒక్కొక్క దారి త్రొక్కినది. కాని ఆ స్వంత రక్షణ సిద్ధమగువరకు గొర్రెపిల్లకైనను, లేగదూడకైనను ముర్రుపాలే ఆధారము. జున్ను మనకు రుచి. దూడకు అది ప్రాణము. ముందుగా దూడ కడుపు నిండవలెను. మిగిలినచో జున్ను.